వంటింటి కాపీ

ఆ ఇంట్లో పాట బాగా వచ్చిందో లేదో తేలేది కింది వాటాలో ఉన్న స్టూడియోలో కాదు, పై వాటాలోని వంటింట్లో. అదీ పొద్దున్న ఏడున్నరకి, ఒక పొయ్యి మీద ఉల్లిపాయలు వేగుతూ, రెండో పొయ్యి మీద కుక్కరు కూతకి ఊపిరి బిగబట్టుకుని ఉన్న సమయంలో.

ఆమె భర్త రికార్డింగ్ ఇంజనీరు. గోడలకి మెత్తలు అతికించిన గదిలో, ఖరీదైన స్పీకర్ల ముందు కూర్చుని వింటే ప్రతి పాటా గొప్పగానే ఉంటుందని ఆయన అభిప్రాయం. "జనం చేతులు కట్టుక్కూర్చుని పాటలు వింటారనుకున్నావా? అంట్లు తోముకుంటూ వింటారు, బస్సులో వేలాడుతూ వింటారు. ఆ గోలలో కూడా మాట తెలియాలి. అప్పుడే అది పాట" అనేవాడు. అందుకని గొంతునీ వాయిద్యాలనీ కలిపి పాటని ఒక కొలిక్కి తెచ్చాక, ముందుగా ఒక కాపీ పెన్‌డ్రైవులో వేసి వంటింటి అలమరలో ఉన్న పాత ప్లేయరుకి గుచ్చేవాడు. దానికి ఇంట్లో 'వంటింటి కాపీ' అని పేరు పడిపోయింది. పాట నడుస్తున్నంతసేపూ ఆయన చూపు ప్లేయరు మీద ఉండదు. గుమ్మానికి ఆనుకుని భార్య చేతిలోని గరిటనే చూస్తాడు. గరిట ఎక్కడ ఆగితే అక్కడ ఏదో ఉన్నట్టు. మంచో చెడో తర్వాత తేల్చుకుంటారు.

ఇరవై రెండేళ్ల కాపురంలో ఆయన ఆమె వంటని నోరారా మెచ్చుకున్నది లేదు గానీ, ఆమె గరిట ఆగిన చోటుని మళ్లీ వినకుండా వదిలిన పాట మాత్రం ఒక్కటీ లేదు.

ఆ రోజు పెట్టింది ఆమె తమ్ముడి పాట.

తమ్ముడూ, వాడితో చదువుకున్న మరో ముగ్గురూ కలిసి పదిహేనేళ్లుగా ఒక బ్యాండు నడుపుతున్నారు. తమ్ముడు పగలంతా మందుల గోదాములో అట్టపెట్టెలు సర్ది, సాయంత్రం వచ్చి పాడతాడు. ఒకప్పుడైతే చిన్న బ్యాండు కూడా క్యాసెట్లో సీడీలో అమ్ముకుని నిలదొక్కుకునే దారి ఉండేది. ఇప్పుడు పాటని కొనేవాళ్లు లేరు, ఫోనులో దింపుకునేవాళ్లే. ఆ వీధిలో ఒకప్పుడున్న ఐదు స్టూడియోల్లో నాలుగు మూతపడ్డాయి. ఒకటి జిమ్ము అయింది, ఒకటి బేకరీ అయింది. మిగిలింది ఈయనదొక్కటే. అదీ దుకాణాల ప్రకటనలూ, లిఫ్టుల్లో 'తలుపులు మూసుకుంటున్నాయి' అని చెప్పే గొంతులూ రికార్డు చేస్తూ నెట్టుకొస్తోంది.

అలాంటి రోజుల్లో ఒక రికార్డు కంపెనీ తమ్ముడి ఎనిమిది పాటల ఆల్బమ్‌ని విడుదల చేస్తానని ముందుకొచ్చింది. మూడేళ్ల కష్టం అది. కంపెనీ పెట్టిన షరతు ఒక్కటే. నాలుగో పాట ముందు తమ చేతుల మీదుగానే బయటికి రావాలి; అంతవరకూ దాని ముక్క కూడా బయటివాళ్ల చెవిన పడకూడదు. ఆల్బమ్ నిలబడితే తమ్ముడు గోదాము మానేస్తాడు. నిలబడకపోతే బ్యాండే ఉండదు. నలుగురికీ నలభై దగ్గర పడుతున్నాయి, ఇంకో మూడేళ్లు పెట్టే ఓపిక ఎవరికీ లేదు. ఈ మాట ఎవరూ పైకి అనలేదు, అందరికీ తెలుసు.

వంటింట్లో మోగుతున్నది ఆ నాలుగో పాటే. రెండో చరణంలో ఒక మాట దగ్గర తమ్ముడి గొంతు ఉన్నట్టుండి పట్టేసి, అర క్షణం ఆగి, మళ్లీ అందుకుంది. గరిట ఆగిపోయింది.

"ఏమైంది?" అన్నాడు ఆయన.

"అక్కడ వాడి గొంతు పట్టేసింది."

"నీకూ తెలిసిందా? రేపు పిలిచి మళ్లీ పాడిస్తాను. ఆ ముక్క మార్చేద్దాం."

"మార్చకండి. నాన్న పోయిన రోజు ఫోనులో 'అక్కా' అన్నాడు చూడండి, అచ్చం అలాగే ఉంది. అలా ఉండనివ్వండి."

"నీకు వాడు తమ్ముడు కాబట్టి అలా అనిపిస్తుంది. బయటివాళ్లకి తప్పు పాడినట్టుంటుంది."

బల్ల దగ్గర లాప్‌టాప్ ముందేసుకుని టిఫిను తింటున్న కూతురు తలెత్తింది. డిగ్రీ రెండో ఏడు చదువుతోంది. పుట్టినప్పటినుంచీ నోరు మూసింది లేదని ఇంట్లో అందరూ పిచ్చుక అనే పిలుస్తారు. మావయ్య బ్యాండంటే దానికి ప్రాణం. "నాన్నా, అమ్మ చెప్పిందే రైటు. నాకు అక్కడ ఒళ్లు జలదరించింది తెలుసా!"

"పరీక్ష పేపరు చూస్తే జలదరించదేమే నీకు?"

"ఆ పేపరు మావయ్య రాస్తే జలదరిస్తుంది!"

ఆయన నవ్వుతూ ప్లేయరులోంచి పెన్‌డ్రైవు పీకి, ఎప్పటిలాగే చెంచాల సొరుగులో పడేసి కిందికి వెళ్లిపోయాడు. మర్నాడు తమ్ముడు వచ్చి ఆ ముక్క మళ్లీ పాడాడు. ఈసారి గొంతు ఎక్కడా చిక్కుకోలేదు. నున్నగా వచ్చింది.

ఆ సాయంత్రమే డ్రమ్స్ వాయించే అతను వచ్చాడు. తాళం వెంట్రుకవాసి తప్పడని స్నేహితులు అతనికి గడియారం అని పేరు పెట్టారు. చివరికి అతని భార్య కూడా అలాగే పిలుస్తుంది. "బావగారూ, కొత్తగా పాడింది ఒక కాపీ ఇస్తే ఇంట్లో వాయించుకుని చూస్తాను" అని అడిగాడు. కాపీలు ఎవరికీ ఇవ్వొద్దని తమ్ముడు ఒట్టు వేయించినంత పని చేశాడు. అయినా ఆయన మొహమాటానికి పోయి ఇచ్చాడు. "మీవాడికి చెప్పకు, నన్ను నమిలి మింగుతాడు" అన్నాడు.

వారం తిరక్కముందే నాలుగో పాట బయటికి వచ్చేసింది.

ఆదివారం పొద్దున్నే తమ్ముడు ఫోను పట్టుకుని స్టూడియోలోకి దూసుకొచ్చాడు. మిగతా ముగ్గురూ అప్పటికే అక్కడున్నారు. ఆమె టీ కప్పుల పళ్లెంతో గుమ్మంలోనే ఆగిపోయింది.

"బావా, చూడు! రెండు లక్షలమంది దింపుకున్నారట. కింద పేరు లేదు, ఊరు లేదు. 'ఎవరు పాడారో గానీ ఏడిపించాడు' అని రాస్తున్నారు. ఎవరు పాడారో గానీ అట!"

ఆయన ఫోను వంక చూసి మొహం తిప్పుకున్నాడు. "నేను వినను. ఇంకొకడు ఎత్తుకెళ్లిన పాటని నేను వాడి చేతిలోంచి వినను."

"వినకపోతే మానెయ్. కాపీ ఎవరికిచ్చావో చెప్పు."

ఆయన కళ్లు గడియారం వైపు తిరిగాయి. తమ్ముడి కళ్లూ అటే తిరిగాయి.

"నేను ఎవరికీ ఇవ్వలేదురా" అన్నాడు గడియారం నెమ్మదిగా. "బీరువాలో పెట్టి తాళం వేశాను. ఇప్పటికీ అక్కడే ఉంది."

"మరి రెక్కలొచ్చి ఎగిరిపోయిందా? చుట్టాలకి వినిపించావా, గొప్పలు పోవడానికి? ఎవరికిచ్చావో చెప్పు, చాలు."

"ఇవ్వలేదని చెప్తున్నానుగా."

"పదిహేనేళ్లు! పదిహేనేళ్లు నీతో కలిసి వానలో తడిసి, లారీల్లో తిరిగి పాడాన్రా నేను. ఇలా అమ్మేశావేంట్రా!"

గడియారం చొక్కా చేతులు దింపుకుని గుండీలు పెట్టుకున్నాడు. గుమ్మం దగ్గర ఆమె పక్కనుంచి వెళ్తూ, "టీ వద్దక్కా" అని మాత్రం అన్నాడు. మిగతా ఇద్దరూ నేల చూపులు చూస్తూ ఉండిపోయారు.

మూడో రోజు ఆమె కిటికీ తెరలు కుట్టించడానికి గుడ్డ తీసుకుని టైలరు కొట్టుకి వెళ్లింది. మిషన్ పక్కన పెట్టిన ఫోనులో తమ్ముడి గొంతు. టైలరమ్మ కాలు తొక్కుతూ, దారం కొరుకుతూ, దానితో పాటు కూనిరాగం తీస్తోంది.

"బాగుందే. ఎవరి పాట?" అని అడిగింది ఆమె, గొంతు మామూలుగా ఉంచుకుంటూ.

"ఏమోనండీ, ఎవరిదో. మా చెల్లెలు పంపింది. ఊరికే వచ్చింది కదా అని పెట్టుకున్నాను. ఇప్పుడు రోజుకి పదిసార్లు వింటున్నా. ఏడుపొస్తుందండీ, అదో సుఖం. ఆ... ఇదిగో, ఇక్కడ వినండి!"

రెండో చరణం వచ్చింది. ఆ మాట దగ్గర తమ్ముడి గొంతు పట్టేసి, అర క్షణం ఆగి, మళ్లీ అందుకుంది.

గడియారానికి ఇచ్చిన కాపీలో గొంతు పట్టేయదు. అది మళ్లీ పాడించిన తర్వాతిది. గొంతు పట్టేసిన పాట స్టూడియో దాటి ప్రపంచం మొత్తం మీద ఒకే ఒక్క చోట మోగింది. తన వంటింట్లో. ఆ పూట అక్కడున్నది ముగ్గురు.

"తెరలు మోకాళ్ల దాకానా, నేల దాకానా?" అని టైలరమ్మ రెండుసార్లు అడిగాక గానీ ఆమెకి వినపడలేదు.

ఇంటికి వచ్చాక చెప్పేద్దామనే అనుకుంది. కూతురు బల్ల దగ్గర పుస్తకం తెరుచుకుని కూర్చుంది, పేజీ మాత్రం తిప్పడం లేదు. మూడు రోజులుగా పిచ్చుక నోట్లోంచి మాట లేదని ఆమెకి అప్పుడు తట్టింది. చూస్తూ చూస్తూ ఎలా చెప్పడం? మావయ్య ముఖం మళ్లీ చూడగలదా ఇది? తండ్రి క్షమిస్తాడా? ఇవాళ వద్దు, కోపాలు చల్లారాక చెబుదాం అనుకుంది. మర్నాడూ అలాగే అనుకుంది. ఆ తర్వాత ఆమె వంటింట్లో ప్లేయరు ఆన్ చెయ్యలేదు. ఆయనా పెట్టమనలేదు.

రెండో వారంలో రికార్డు కంపెనీ మేనేజరమ్మ తమ్ముణ్ణి పిలిపించింది. ఆవిడ మర్యాదగానే మాట్లాడిందట. "పాట చాలా బాగుంది. బాగుంది కాబట్టే అందరి దగ్గరా ఉంది. అందరి దగ్గరా ఉన్నదాన్ని మేం ఏమని అమ్మాలి, మీరే చెప్పండి. పదేళ్ల కిందట ఈ ఆఫీసులో అరవైమంది ఉండేవాళ్లం. ఇప్పుడు తొమ్మిదిమందిమి. ఇంకోసారి నష్టపోతే నా కుర్చీ కూడా ఉండదు" అందట. ఆల్బమ్ ఆగిపోయింది. బ్యాండులో ఇద్దరు ఎవరి దారి వాళ్లు చూసుకున్నారు.

తమ్ముడు మాత్రం గోదాముకి వెళ్లి వస్తూ దారిలో అక్క ఇంట్లో కాసేపు కూర్చునేవాడు. ఒకరోజు టీ తాగుతూ నవ్వాడు. ఆ నవ్వు ఆమెకి ఏడుపుకంటే కష్టంగా తోచింది.

"ఇవాళ బస్సులో నా పక్కన కూర్చున్న కుర్రాడు నా పాటే పాడుకుంటున్నాడక్కా. బాగా పాడాడు. అది నాదే బాబూ అందామని నోటిదాకా వచ్చింది."

"అనకపోయావా?"

"నమ్ముతాడా? చేతిలో మందుల బిల్లులు పెట్టుకుని పాట నాదంటే, పాపం ఈయనకి మందులు సరిపోవడం లేదనుకుంటాడు." కప్పు కింద పెట్టాడు. "పాట పోయిందని కూడా కాదక్కా. వాడు అలా చేశాడని. వాడు! నా పెళ్లిలో నాకంటే ముందు ఏడ్చినవాడు."

ఆమె కప్పులు తీసుకుని లోపలికి వెళ్లింది. కుళాయి తిప్పి, ఉన్న రెండు కప్పులనే చాలాసేపు కడిగింది.

నలభై రోజులు అలా గడిచాయి. నలభై ఒకటో రోజు పదకొండు గంటల వేళ తలుపు తట్టిన చప్పుడైంది. గడియారం భార్య. లోపలికి రమ్మంటే రాలేదు, చెప్పులు కూడా విడవలేదు. చేతిలో కాగితం పొట్లం ఒకటి పెట్టింది.

"మీ వస్తువు మీ దగ్గరే ఉండాలన్నారు. ఇచ్చి రమ్మన్నారు."

విప్పి చూస్తే పెన్‌డ్రైవు.

"లోపలికి రా అమ్మా, ఒక్క నిమిషం..."

"వద్దండీ, పనుంది. ఆయన ఫర్నిచర్ షాపులో చేరారు. బీరువాలూ మంచాలూ ఇళ్లకి చేరుస్తారు. డ్రమ్స్ నిన్న ఎవరో వచ్చి కొనుక్కెళ్లారు." మెట్ల దాకా వెళ్లి ఆగింది. "ఒక్క మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. ఆయన ఇవ్వలేదంటే మీరైనా నమ్మారా అక్కయ్యగారూ? ఇంటికొచ్చి అదే అన్నారు. 'అక్క అక్కడే నిలబడి ఉంది, అక్క కూడా ఏమీ అనలేదు' అని."

ఆమె విప్పిన కాగితాన్నే మళ్లీ మడతపెట్టింది. ఆవిడ రెండు క్షణాలు చూసి దిగి వెళ్లిపోయింది.

ఎన్నో రోజుల తర్వాత ఆమె ఆ పెన్‌డ్రైవు గుచ్చి వంటింటి ప్లేయరు ఆన్ చేసింది. పొయ్యి వెలిగించలేదు, కుళాయి కట్టేసింది. రెండో చరణం వచ్చింది. గొంతు ఎక్కడా ఆగకుండా నున్నగా సాగిపోయింది. తెలిసిన సంగతే. అయినా నేలమీద కూర్చుని మళ్లీ మళ్లీ పెట్టుకుని వింది.

కాలేజీ నుంచి వచ్చిన కూతురు తల్లిని అలా చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. ప్లేయరు వంక చూసింది. సంచీ భుజం మీంచి జారింది.

"అమ్మా... నీకు తెలుసా?"

"టైలరు కొట్లో విన్నాను."

"ఎప్పుడు?"

"బయటికొచ్చిన మూడో రోజు."

"అప్పటినుంచీ తెలుసా? మరి నన్ను అడగలేదేం?"

"అడిగితే అవునంటావని."

పిచ్చుక నేలమీద తల్లి పక్కన కూలబడి, మోకాళ్లలో తల పెట్టుకుని ఏడ్చింది. చాలాసేపటికి మాట వచ్చింది. "తెల్లారితే నాన్న మార్చేస్తారు కదా, మావయ్య గొంతు అలా పట్టేసింది ఇంకెవరూ వినరు కదా అనిపించిందమ్మా. నువ్వే కదా తీయొద్దన్నావు. అందుకే సొరుగులోంచి తీసి దాచుకున్నా. మా గ్రూపులో పదకొండుమందే ఉన్నారు. మూడు బస్సులు మారి మావయ్య ప్రోగ్రాంకి వచ్చేవాళ్లు. వాళ్లకి తప్ప ఎవరికి పంపుతాను? కూర బాగా కుదిరితే నువ్వు గిన్నెలో పెట్టి పక్కింటికి పంపవూ? అలాగే అనుకున్నాను."

"ఆ గిన్నె పక్కింట్లో ఆగుతుందే. మళ్లీ కడిగి తెచ్చిస్తారు కూడా."

"తీసెయ్యమని అందర్నీ కాళ్లావేళ్లా పడ్డానమ్మా. ఒకమ్మాయి ఏమందో తెలుసా? ఇంత మంచి పాటని దాచుకోవడం మీ స్వార్థం అంది. నన్నే అంది!" ముక్కు తుడుచుకుంది. "గడియారం మావయ్యని అన్నరోజే చెప్పేద్దామనుకున్నా. నువ్వు టీ పళ్లెం పట్టుకుని నిలబడ్డావు. నీ వెనకాలే ఉన్నాను నేను. భయమేసింది."

ఆమె కూతురి జుట్టు సర్దుతూ ఉండిపోయింది. తిట్టడానికి నోరు రాలేదు. మూడు రోజుల భయం దీనిది. మిగతా ముప్పై ఏడు రోజులూ తనవి.

"లే. మొహం కడుక్కో. మావయ్య వచ్చే వేళైంది."

సాయంత్రం ఐదున్నరకి తమ్ముడు వచ్చాడు. భర్తని కూడా పైకి పిలిచింది. ఇద్దర్నీ బల్ల దగ్గర కూర్చోబెట్టి, గడియారం తిప్పి పంపిన పెన్‌డ్రైవు బల్లమీద పెట్టి, తను నిలబడే చెప్పింది. ముందు కూతురి సంగతి, తర్వాత తన సంగతి. టైలరు కొట్టూ, రోజు, వారం ఏదీ వదల్లేదు. పిచ్చుక గోడకి అతుక్కుపోయి నిలబడింది.

ముందు భర్త లేచాడు. "బుద్ధి ఉందా నీకు? తిండి పెడుతున్నది ఆ పాటలే అని తెలీదూ? ఇంట్లోనే దొంగ..."

"ఆగండి" అంది ఆమె. తన ఫోను తీసి బల్లమీద పెట్టింది. "ఇందులో మూడొందల పాటలున్నాయి. అన్నీ దీన్ని అడిగి నేను వేయించుకున్నవే. వంట చేస్తూ వింటాను. ఎక్కడివని ఒక్కనాడూ అడగలేదు, ఒక్కటీ కొనలేదు. వాటి వెనకా ఎవరింట్లోనో మీలాంటి మనిషి ఉండే ఉంటాడు. ఆ తప్పు అది ఇక్కడే నేర్చుకుంది."

ఆయన కుర్చీలో కూలబడ్డాడు. రెండు చేతులతో మొహం రుద్దుకుని, "వినాల్సింది" అన్నాడు. "ఆ రోజు వాడు ఫోను చాచి చూపిస్తే, ఒక్కసారి విని ఉంటే అర నిమిషంలో తెలిసిపోయేది ఏ కాపీయో. వినడమే కదా నా పని. రోషానికి పోయి చెవులు మూసుకున్నాను."

తమ్ముడు ఇంతసేపూ బల్లమీది పెన్‌డ్రైవునే చూస్తున్నాడు. మేనకోడలు వచ్చి కాళ్ల దగ్గర కూర్చుని, "మావయ్యా, కొట్టు" అంది.

"ఎందుకే కొట్టడం. నా ఫోనులోనూ నాలుగొందలున్నాయి. నేనూ కొన్నవాణ్ణి కాదు." దాని తలమీద చెయ్యి వేశాడు. అక్క వైపు మాత్రం చాలాసేపటికి గానీ చూడలేదు. చూశాక ఆమెకి చూడకుండా ఉంటేనే బాగుండేదనిపించింది.

"పిల్లది ఒక్కసారి తప్పు చేసిందక్కా. నువ్వు రోజూ చేశావు. నేను ఇక్కడే కూర్చుని వాణ్ణి తిడుతుంటే, ఇక్కడే, నువ్వు నాకు టీ ఇచ్చి లోపలికెళ్లి కప్పులు కడిగావు."

ఆమె తల ఊపింది. కాదనడానికి ఏముంది?

"అమ్మ పోయాక నువ్వే కదా నాకు. నువ్వు చెబితే కన్నీళ్లతోనైనా మింగేవాణ్ణి. పాట పోయింది సరే. వాణ్ణెందుకు పోగొట్టించావు?"

"దీనికి తల్లినైపోయానురా" అంది ఆమె. కొంగుతో నోరు అదుముకుంది.

తమ్ముడు లేచి చెప్పులేసుకున్నాడు. ఎక్కడికని ఎవరూ అడగలేదు. భర్త తలుపుకి తాళం వేశాడు. నలుగురూ ఒకరి వెనక ఒకరు నడిచారు.

ఫర్నిచర్ షాపులో అడిగితే, రెండు వీధుల అవతల ఒక ఇంటికి బీరువా చేర్చడానికి వెళ్లాడన్నారు. ఆ ఇల్లు కనపడింది. మెట్ల కింద చెక్క బీరువా నిలబెట్టి ఉంది. దానికి వీపు ఆనించి గడియారం నిలబడ్డాడు. చిక్కిపోయాడు. వేళ్లకి ప్లాస్టర్లు. అవి డ్రమ్స్ వాయించే పుల్లలు పట్టుకున్న వేళ్లని అందరికీ తెలుసు. నలుగుర్నీ చూసి నిటారుగా అయ్యాడు గానీ పలకరించలేదు.

పిచ్చుకే ముందుకెళ్లి చెప్పింది. తడబడుతూ, ఏడుస్తూ, పదకొండుమంది సంగతి దాకా అంతా చెప్పింది. అతను అడ్డు తగలకుండా విన్నాడు.

"సరే" అన్నాడు చివరికి. "చెప్పావుగా. ఇంటికెళ్లు తల్లీ."

"నాకు మూడో రోజే తెలుసు తమ్ముడూ" అంది ఆమె గడియారంతో. "నువ్వు ఇవ్వలేదని తెలిసి కూడా నోరు మూసుకుని కూర్చున్నాను."

ఈసారి అతని మొహం మారింది. కళ్లు ఆర్పకుండా చూశాడు. "మూడో రోజా?" అన్నాడు. వేళ్లు మడుస్తూ ఏదో లెక్కపెట్టుకున్నట్టు చేసి మానేశాడు. "డ్రమ్స్ మొన్నటిదాకా ఇంట్లోనే ఉన్నాయక్కా."

తమ్ముడు ఒక అడుగు ముందుకు వేశాడు.

"నేను కొంటాన్రా" అన్నాడు తమ్ముడు. "కొత్తవి కొంటాను. మళ్లీ మొదలుపెడదాం. ఇద్దరమే..."

"ఎందుకురా? ఎవరికి?" గొంతు హెచ్చలేదు. "పాట పోయినందుకు కోప్పడ్డావు, సరే. నేనైనా కోప్పడతాను. కానీ 'ఎవరికిచ్చావు' అని అడిగావు. 'ఇచ్చావా' అని అడగలేదురా నన్ను. పదిహేనేళ్లలో ఒక్క ప్రశ్న తప్పు అడిగావు. అదొక్కటే నాకు ముడిపడిపోయింది, విప్పుకోలేకపోతున్నాను."

తమ్ముడు నోరు తెరిచాడు. గొంతు ఎక్కడో చిక్కుకుపోయింది.

పై అంతస్తులోంచి ఒక ముసలాయన తొంగిచూసి, "బాబూ, బీరువా చీకటి పడేలోగా పైకి వస్తుందా?" అని కేకేశాడు.

"వస్తుంది సార్. మావాడు తాడు తేవడానికి వెళ్లాడు, రాగానే ఎక్కించేస్తాం" అని గడియారం పైకి చూసి జవాబు చెప్పాడు.

తమ్ముడు చొక్కా చేతులు పైకి మడిచాడు. వెళ్లి బీరువా రెండో కొస దగ్గర వంగాడు.

"నీవల్ల కాదు. బరువు" అన్నాడు గడియారం.

"రోజంతా పెట్టెలు మోసేవాణ్ణే."

"అవి మందులు. ఇది టేకు."

తమ్ముడు లేవలేదు. అలాగే వంగి, అడుగున చేతులు పెట్టుకుని ఉండిపోయాడు. గడియారం అతని వంచిన మెడ వంక కాసేపు చూశాడు. నిట్టూర్చి, తనూ ఇవతలి కొస దగ్గర వంగాడు.

"నేను చెప్పేదాకా ఎత్తకు. మధ్యలో వదిలావంటే నా కాళ్లు పోతాయి."

"వదల్ను."

"ఒకటి..." అన్నాడు గడియారం. "రెండు..." కొంచెం ఆగి, ఈసారి వేగంగా, "ఒకటి, రెండు, మూడు, నాలుగు."

పదిహేనేళ్లుగా ప్రతి పాటకీ ముందు అతను అన్నది ఆ లెక్కే. అంత నెమ్మదిగా రెండు, ఆ తర్వాత అంత వేగంగా నాలుగు. నాలుగు తర్వాత తమ్ముడు ఎప్పుడూ ఒక్క క్షణం ముందూ అందుకోలేదు, వెనకా అందుకోలేదు. ఇప్పుడూ అంతే. బీరువా రెండు వైపులా ఒకేసారి నేలమీంచి లేచింది.

ఆమె కూతురి చెయ్యి పట్టుకుని కిందే నిలబడింది. మోస్తున్న ఇద్దరూ మెట్ల మొదటి మలుపు తిరిగారు. ఇక బీరువా కనపడలేదు. అడుగుల చప్పుడే వినపడుతోంది. దాని మధ్యలో తమ్ముడు వెక్కుతున్న శబ్దం. ఆ తర్వాత గడియారం గొంతు, కసిరినట్టుగా, ఊపిరి ఎగబీలుస్తూ.

"ఏడవకురా. చెయ్యి జారుతుంది."